మహమ్మారి కాలంలో ప్రజారోగ్యం - అంతర్జాతీయ వాణిజ్యం: సమతుల్యత పరిశీలన

వ్యాససంగ్రహం:

మహమ్మారి ప్రబలినప్పుడు ప్రజల ప్రాణాలను కాపాడడానికి దేశాలు సరిహద్దులను మూసివేస్తాయి. ఆహారం, మందులు, ఉపాధి చేరవలసింది కూడా ఆ సరిహద్దుల మీదుగానే. ఈ రెండు అవసరాల మధ్య సమతుల్యత కోసం అంతర్జాతీయ నిబంధనలు ఏ విధంగా రూపొందాయో, 1994 నాటి సూరత్ ప్లేగు, 2021 నాటి ఒమిక్రాన్ అనుభవాలలో అవి ఎక్కడ విఫలమయ్యాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మహమ్మారి, ప్రజారోగ్యం, వాణిజ్యం, క్వారంటైన్, ఎగుమతి నిషేధం.

1. ఉపోద్ఘాతం:

వర్తకులు నడిచిన దారుల్లోనే వ్యాధులూ ప్రయాణించాయి. 'క్వారంటైన్' అనే మాటకు మూలం ఇటాలియన్ భాషలో నలభై సంఖ్యను తెలిపే 'క్వారంటా'. ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం (నేటి దుబ్రోవ్నిక్) 1377లో, ప్లేగు ఉన్న ప్రాంతాల నుంచి వచ్చేవారు ముప్పై రోజులు వేరుగా ఉండాలని శాసించింది. కాలక్రమంలో ఇతర రేవుల్లో ఆ గడువు నలభై రోజులైంది. రగూసా వర్తకం మీద బతికే నగరం. అందుకే రాకపోకలను శాశ్వతంగా నిషేధించకుండా, గడువు తీరాక లోపలికి అనుమతించింది. ఆరోగ్యానికీ వాణిజ్యానికీ మధ్య రాజీ కుదిర్చిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

2. నిబంధనల పరిణామం:

ఒక్కొక్క రేవు ఒక్కొక్క నియమం పాటించడం వర్తకులకు భారమైంది. దీనిని సరిదిద్దడానికి 1851లో పన్నెండు దేశాలు పారిస్‌లో తొలి అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు జరిపాయి. ఫలవంతమైన ఒప్పందం కుదరడానికి మాత్రం 1892 వరకు వేచి ఉండవలసి వచ్చింది. 1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించినప్పుడు, మరుసటి సంవత్సరమే వెనిస్‌లో మరొక సదస్సు జరిగింది. అదే 1897లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చింది. ఐరోపా రేవులు భారతీయ సరుకులకు మూసుకుపోతాయన్న భయం కూడా ఆనాటి కఠినచర్యల వెనుక ఉందని చరిత్రకారులు గుర్తించారు.

ప్రస్తుతం అమలులో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు 2005లో ఆమోదం పొంది, 2007 జూన్ 15 నుంచి అమలులోకి వచ్చాయి. వ్యాధివ్యాప్తిని అరికట్టడంతో పాటు అంతర్జాతీయ రాకపోకలకు, వాణిజ్యానికి అనవసరమైన ఆటంకం కలిగించకపోవడం కూడా వీటి లక్ష్యమని రెండవ అధికరణం చెబుతుంది. ప్రపంచవ్యాప్త ముప్పుగా మారగల ఘటనను, అంచనా వేసిన 24 గంటల్లోగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలపాలి. రాకపోకలకు గణనీయమైన ఆటంకం కలిగించే అదనపు ఆంక్షలు విధించిన దేశం, 48 గంటల్లోగా వాటికి కారణాలు చూపాలి. అయితే ఈ నిబంధనలను ఉల్లంఘించిన దేశాన్ని శిక్షించే అధికారం ఆ సంస్థకు లేదు.

3. రెండు అనుభవాలు:

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వార్త వెలువడగానే లక్షల మంది నగరం విడిచి వెళ్లారు. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు నిలిపివేశాయి. కొన్నిచోట్ల సరుకులను కూడా అడ్డుకున్నారు. ప్లేగు విషయంలో దేశాలు తీసుకోదగిన చర్యలకు ఆనాటి నిబంధనలే గరిష్ఠ పరిమితిని నిర్ణయించాయి. ఆ పరిమితిని చాలా దేశాలు ఖాతరు చేయలేదు. మృతుల సంఖ్య వందలోపే ఉన్నా, దేశానికి కలిగిన ఆర్థిక నష్టాన్ని వందల కోట్ల డాలర్లలో అంచనా వేశారు.

ఇరవై ఏడేళ్ల తరువాత ఇదే కథ దక్షిణాఫ్రికాలో పునరావృతమైంది. అక్కడి శాస్త్రవేత్తలు కరోనా వైరస్ కొత్త రూపాన్ని గుర్తించగా, 2021 నవంబరు 24న ఆ దేశం ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేసింది. 26న దానికి 'ఒమిక్రాన్' అని పేరు పెట్టారు. అమెరికా, బ్రిటన్, ఐరోపా దేశాలు వెంటనే దక్షిణాఫ్రికా, దాని పొరుగు దేశాల నుంచి రాకపోకలను నిషేధించాయి. అంతకుముందే సేకరించిన నమూనాలలో ఈ వైరస్ ఉన్నట్లు నెదర్లాండ్స్ తరువాత ప్రకటించింది. అంటే మూసిన తలుపు లోపలే వ్యాధి ఉంది. విమానాలు ఆగడంతో పరిశోధనకు కావలసిన రసాయనాల రాకకూ ఆటంకం ఏర్పడుతుందని అక్కడి శాస్త్రవేత్తలు ఆందోళన చెందారు.

4. ఎగుమతుల నిషేధం:

రాకపోకలను ఆపడం ఒక పార్శ్వమైతే, సరుకును బయటికి పోనివ్వకపోవడం రెండవ పార్శ్వం. నిత్యావసరాల తీవ్రమైన కొరతను నివారించడానికి ఎగుమతులను తాత్కాలికంగా నిషేధించడానికి 'గాట్' ఒప్పందం పదకొండవ అధికరణం అనుమతిస్తుంది. ముడిపదార్థాలకు చైనాపై అధికంగా ఆధారపడిన మన ఔషధ పరిశ్రమకు అక్కడి నుంచి సరఫరా తగ్గగానే, 2020 మార్చి 3న భారత్ పారాసిటమాల్ సహా 26 రకాల ఔషధాలు, ముడిపదార్థాల ఎగుమతులపై ఆంక్షలు విధించి, ఏప్రిల్‌లో చాలావరకు సడలించింది. ఔషధ పరిశ్రమకు కేంద్రమైన హైదరాబాద్‌కు ఇది దిగుమతిలోను, ఎగుమతిలోను తగిలిన దెబ్బ. 2021లో రెండవ విడత కరోనా తీవ్రమైనప్పుడు భారత్ టీకాల ఎగుమతిని ఆపగా, వాటికై ఎదురుచూసిన ఆఫ్రికా దేశాలు ఇబ్బంది పడ్డాయి. తన ప్రజలను ముందుగా కాపాడుకోవడం ప్రభుత్వ ధర్మమే. కాని గడువు, కారణం ముందుగా తెలిసిన నిషేధానికి, హఠాత్తుగా వచ్చిపడే నిషేధానికి ఎంతో వ్యత్యాసం ఉంది.

5. ముగింపు:

- ఆరోగ్యం, వాణిజ్యం పరస్పర విరుద్ధాలు కావు. మందులు, పరీక్షా సామగ్రి చేరాలంటే వాణిజ్యమే మార్గం.
- ఆంక్షలు శాస్త్రీయమైన ఆధారంతో, నిర్ణీతమైన గడువుతో ఉండాలి.
- సూరత్, ఒమిక్రాన్ అనుభవాలు బోధించే పాఠం ఒక్కటే. వ్యాధిని వెల్లడించిన దేశానికి నష్టమే ప్రతిఫలమైతే, మరొకసారి ఏ దేశమైనా నిజం చెప్పడానికి వెనుకాడుతుంది. అప్పుడు కోల్పోయే ప్రతి రోజూ ప్రపంచమంతటికీ ప్రాణనష్టమే.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందం టీకాలు, మందుల న్యాయమైన పంపిణీకి ప్రాధాన్యమిచ్చింది. నిజం చెప్పి నష్టపోయిన దేశాన్ని ఆదుకునే ఏర్పాటు మాత్రం ఇంకా రూపుదిద్దుకోవలసి ఉంది. అది లేనంతవరకు సమతుల్యత నిబంధనల పాఠంలోనే మిగిలిపోతుంది.