వార్తల్లో పదం: థ్రాషింగ్

తమిళనాడు ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని 2011 సెప్టెంబరు 15న నాటి ముఖ్యమంత్రి జయలలిత తిరువళ్లూరు జిల్లా కాక్కలూరులో ప్రారంభించారు. ఆ కాలపు యంత్రాలను ఇప్పుడు తెరిస్తే పట్టి పీడించే జబ్బు థ్రాషింగ్.

ర్యామ్ నిండితే విండోస్ అందులోని కొంత సరుకును డిస్కులోని పేజ్‌ఫైల్‌కు పంపి, కావాల్సినప్పుడు వెనక్కి తెస్తుంది. ఈ రాకపోకలతోనే సరిపోయి అసలు పని పడకేస్తే అదే థ్రాషింగ్. ఇరుకు వంటింట్లో గిన్నెలు అటకెక్కించి దించడంతోనే పొద్దుపోయినట్టు! కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెన్నింగ్ 1968లోనే దీన్ని విశ్లేషించారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ (ర్యామ్) 90 శాతం దాటి, డిస్క్ 100 దగ్గరే నిలిస్తే థ్రాషింగ్ అని అనుమానించండి. మెమరీ తక్కువే ఉండి డిస్క్ ఒక్కటే తిరుగుతుంటే అప్‌డేటో, వైరస్ స్కానో కావచ్చు. అక్కర్లేని ట్యాబులు, స్టార్టప్ యాప్‌లు ఆపండి. హార్డ్ డిస్కు బదులు వేగమైన ఎస్ఎస్‌డీ పెట్టడం ఉపశమనమే, అసలు మందు ర్యామ్ పెంచడం.