పుల్‌అప్ రెసిస్టరు ఎప్పుడు పెట్టాలి?



కెలమంగలం, తళి, హోసూరు ప్రాంతాల్లో గులాబీలను పాలీహౌస్‌లలో పెంచడం మీరు చూసే ఉంటారు. లోపల తేమ ఎక్కువై ఆకులు తడిగానే నిలిస్తే బూజు తెగులు తగులుతుంది. ఫ్యాను వేళకు తిరగాలంటే, తేమను కొలిచే సెన్సారు మాట కంట్రోలరుకు తప్పులేకుండా చేరాలి. ఇలాంటి పరికరాన్ని సొంతంగా తయారుచేయాలనుకునే విద్యార్థులకు ఎదురయ్యే ఒక సందేహం గురించి ఈరోజు చెప్పుకుందాం.

ఆర్డ్వినో ఊనో బోర్డు 5 వోల్టులతో పనిచేస్తుంది. నేటి సెన్సారు చిప్పుల్లో చాలావాటికి 3.3 వోల్టులే చాలు. వాటి కాళ్లకు 5 వోల్టులు తగిలితే పాడైపోవచ్చు. పోనీ 3.3 వోల్టులతోనే సరిపెడదామా అంటే, ఐ-టు-సీ పద్ధతిలో 5 వోల్టుల చిప్పు ‘ఒకటి’ అని ఒప్పుకోవడానికి అందులో 70 శాతం, అంటే 3.5 వోల్టులు ఉండాలి. అందుకని మధ్యలో ఒక దుబాసి కావాలి. మూడు భాషల సంతల్లో తిరిగే మనకు దుబాసి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఈ దుబాసి పేరే లాజిక్ లెవెల్ ట్రాన్స్‌లేటర్.

మరి దీనికి పుల్‌అప్ రెసిస్టరు కావాలా? ముందు ఏతాన్ని గుర్తు తెచ్చుకోండి. మనిషి బానను కిందికి దించుతాడు. పైకి లేపేది వెనక కట్టిన బరువు. ఫిలిప్స్ కంపెనీ 1982లో రూపొందించిన ఐ-టు-సీ పద్ధతి కూడా ఇలాంటిదే. పరికరాలు తీగను సున్నాకు లాగగలవే గాని పైకి లేపలేవు. లేపే బరువే పుల్‌అప్ రెసిస్టరు.

కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తీగను పైకి లేపేది ఎవరు?

బీఎస్ఎస్138 వంటి మాస్‌ఫెట్‌తో చేసిన ట్రాన్స్‌లేటరు తానుగా పైకి లేపదు. దానికి రెండు వైపులా రెసిస్టర్లు కావాలి. ఒక వైపుది 3.3 వోల్టులకు, రెండో వైపుది 5 వోల్టులకు కలపాలి. బజారులో దొరికే చిన్న బోర్డుల మీద 10 కిలో ఓములవి తరచు ముందే అతికించి ఉంటాయి. చూసుకోండి.

టీఎక్స్ఎస్0102 చిప్పులో 10 కిలో ఓముల రెసిస్టర్లు లోపలే ఉంటాయి. మామూలుగా బయట మళ్లీ పెట్టనక్కర్లేదు.

టీఎక్స్‌బీ0108 సంగతి వేరు. అది తీగను పైకీ కిందికీ తానే నడుపుతుంది. కాని నిలకడగా ఉన్నప్పుడు దాని పట్టు 4 కిలో ఓముల గుండా వచ్చే బలహీనమైన పట్టు. 5 వోల్టుల వైపు 4.7 కిలో ఓముల పుల్‌అప్ పెడితే, సున్నా ఉండవలసిన చోట సుమారు 2.3 వోల్టులు నిలుస్తాయి. అది సున్నా కాదు, ఒకటీ కాదు. పెట్టక తప్పకపోతే 50 కిలో ఓములకు పైబడినదే పెట్టాలి. అందుకే ఈ చిప్పు ఐ-టు-సీకి పనికిరాదు.

ఇక విలువ సంగతి. ఏతానికి బరువు ఎక్కువైతే దించలేం, తక్కువైతే బాన మెల్లగా లేస్తుంది. ఇక్కడ రెసిస్టరు విలువ తగ్గేకొద్దీ బరువు పెరిగినట్టు. ఐ-టు-సీ పరికరం లాగగలదని ఖాయంగా నమ్మదగిన కరెంటు 3 మిల్లీ ఆంపియర్లు. మాస్‌ఫెట్ ట్రాన్స్‌లేటరులో సున్నాకు లాగే పరికరం రెండు వైపుల బరువూ మోయాలి. రెండు వైపులా 4.7 కిలో ఓములైతే మొత్తం సుమారు 1.6 మిల్లీ ఆంపియర్లు. ఇబ్బంది లేదు. కాని ఒక్కొక్కటీ 4.7 కిలో ఓముల రెసిస్టరు ఉన్న ఐదు సెన్సారు బోర్డులను ఒకే తీగకు కలిపితే అవి 940 ఓములతో సమానం. 3.3 వోల్టుల వైపే 3 మిల్లీ ఆంపియర్లు దాటిపోతుంది. అప్పుడు అదనపు రెసిస్టర్లను తీసివేయాలి. తీగలు పొడవైతే కెపాసిటెన్సు పెరిగి సంకేతం మెల్లగా లేస్తుంది. మొత్తం 400 పైకోఫారడ్‌లు మించకూడదన్నది నియమం. కనుక సెన్సారును కంట్రోలరుకు దగ్గరగానే ఉంచండి.

కరెంటు ఇచ్చేముందు చిప్పు పేరు చదవండి, బోర్డు మీది రెసిస్టర్లను లెక్కపెట్టండి. ఆ రెండు నిమిషాలు సెన్సారునూ కాపాడతాయి, దాన్ని నమ్ముకున్న పంటనూ కాపాడతాయి.