జబ్బు అమెరికాలో.. జోలె మెట్టలో!
విదేశాల్లోని జంతు సేవకులకు సాయం పంపే దారేది?

జగ్గయ్యపేట, నందిగామ: మూగజీవాల మేతకు, మందులకు ఇన్నాళ్లూ విదేశం నుంచి డబ్బు పంపిన మనిషే మంచాన పడితే ఏం చేయాలి? ఊరి నుంచి వెళ్లి అమెరికాలో కొలువు చేస్తూ, సెలవులకు వచ్చినప్పుడల్లా వీధికుక్కలకు టీకాలు వేయించి, లారీ తగిలి కాళ్లు విరిగిన పశువులకు కట్లు కట్టించే వలంటీరుకు అక్కడ పెద్ద జబ్బు చేసిందనుకుందాం. ఆ కబురు తెలిసిన రోజే ఇక్కడి మిత్రులు చందాలకు పూనుకోవడం సహజం. ఆ చందా పెట్టె ఎక్కడ తెరవాలన్నదే అసలు ప్రశ్న. తొందరపడి ఇక్కడి సంఘం ఖాతాలో వసూళ్లు మొదలుపెడితే ఆ సొమ్ము రోగికి చేరకముందే చిక్కుల్లో పడుతుంది.

కృష్ణా జిల్లా నుంచి 2022 ఏప్రిల్‌లో విడివడి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంతానికి ఇలాంటి సేవకుల అవసరం ఎక్కువే. హైదరాబాద్-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి గరికపాడు వద్ద రాష్ట్రంలోకి ప్రవేశించి చిల్లకల్లు, నందిగామ, కంచికచర్ల మీదుగా సాగుతుంది. రాత్రివేళ రోడ్డెక్కిన ఆవులు, కుక్కలు వాహనాల కింద నలగడం ఈ దారిన వెళ్లేవారికి కొత్త దృశ్యం కాదు. దెబ్బతిన్న మనిషికి 108 వస్తుంది. కుక్కను ఆటోలో వేసుకుని పశువైద్యుని దగ్గరకు తీసుకెళ్లేది ఎవరో ఒక వలంటీరే.

పైకం రాకకూ నిబంధనలే

మూగజీవాల సేవకు పైకం విదేశాల నుంచి ఇటు రావడమే ఇంతవరకు రివాజు. పుట్టపర్తిలోని కరుణ సొసైటీని 2000లో ప్రారంభించింది నెదర్లాండ్స్ మహిళ క్లెమెంటీన్ పావ్స్. ఆవుల కడుపుల్లో పేరుకుంటున్న ప్లాస్టిక్ సంచులపై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన సంస్థ అదే. 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించిన విశాఖ జంతు సంరక్షణ సంఘానికీ విదేశీ జంతు ప్రేమికుల చేయూత ఉంది. అటు నుంచి వచ్చే సొమ్ముకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010) వర్తిస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది. దాత అమెరికాలో ఉన్నా భారత పౌరసత్వం కలిగి, తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మరుక్షణం అదే మనిషి, అదే చేయి, అదే డబ్బు విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఓసీఐ కార్డు ఉన్నా మినహాయింపు లేదు. అప్పుడు సంఘానికి కేంద్ర హోంశాఖ వద్ద నమోదు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తప్పనిసరి. 2020లో చట్టాన్ని సవరించాక అలా వచ్చిన పైకాన్ని ఒక సంస్థ మరో సంస్థకు మళ్లించడమూ కుదరదు. జంతు సేవకని వచ్చిన ఆ నిధిని, పంపిన మనిషి జబ్బుకే అయినా, వైద్య ఖర్చుల కింద తిరిగి పంపడం చెల్లదు.

అక్కడ ముందు చూడవలసింది

డాలర్లలో జీతం తీసుకునేవారికి మన చందా ఎందుకన్న మాట గ్రామాల్లో వినిపిస్తుంటుంది. అమెరికాలో ఆరోగ్య బీమా చాలామందికి ఉద్యోగంతో ముడిపడి ఉంటుందని, జబ్బుపడి ఉద్యోగం పోతే బీమా కూడా ఊడుతుందని ఆ మాట అనేవారికి తెలియకపోవచ్చు. కోబ్రా అనే చట్టం కింద పాత బీమాను సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు గానీ, అంతవరకు కంపెనీ కట్టిన వాటాతో కలిపి ప్రీమియం మొత్తం రోగే చెల్లించాలి. హెచ్-1బి వీసాపై ఉన్నవారికి ఉద్యోగం పోయాక మిగిలే గడువు గరిష్ఠంగా 60 రోజులే.

అయినా చందాలకు ముందు తట్టవలసిన తలుపులు అక్కడే ఉన్నాయి. అత్యవసర స్థితిలో వచ్చిన రోగికి డబ్బుతో నిమిత్తం లేకుండా ప్రాణాపాయం తప్పించే చికిత్స చేయాలని 1986 నాటి చట్టం అమెరికా ఆసుపత్రులను ఆదేశిస్తోంది. లాభాపేక్ష లేనివిగా నమోదైన ఆసుపత్రులు పేద రోగులకు బిల్లు తగ్గించే లేదా మాఫీ చేసే విధానాన్ని రాతపూర్వకంగా అమలు చేయాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక అందిన తొలి బిల్లు నుంచి 240 రోజుల వరకు దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. బిల్లు చూసి గుండె జారి, ఉన్న నగలు అమ్మి కట్టేసేవారిలో ఎంతోమంది ఈ కాగితం మాటే ఎరుగరు. ఇబ్బందుల్లో ఉన్న భారత పౌరులను ఆదుకోవడానికి 2009లో ఏర్పడిన ప్రవాస భారతీయ సంక్షేమ నిధి మన రాయబార కార్యాలయాల వద్ద ఉంది. తాడేపల్లిలోని ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీకీ కబురు పెట్టవచ్చు. రోగికి ఇక్కడి బ్యాంకులో ఎన్ఆర్ఈ డిపాజిట్లు ఉంటే వాటిని విదేశానికి రప్పించుకోవడానికి అడ్డంకి ఉండదు. సొంత సొమ్ము ఇక్కడ నిద్రపోతుంటే ఊరు జోలె పట్టడం భావ్యం కాదు.

పెట్టె అక్కడ, ప్రచారం ఇక్కడ

ఇవేవీ చాలనప్పుడే చందాల మాట. పెట్టెను అక్కడి మిత్రులే తెరవడం మేలు. గోఫండ్‌మి వంటి వేదికల్లో విరాళాల పేజీ పెట్టాలంటే ఆ వేదిక పనిచేసే దేశంలో బ్యాంకు ఖాతా ఉండాలి. ఆ జాబితాలో భారతదేశం లేదు. అక్కడ ప్రతి విరాళంలో 2.9 శాతం, దానిపై మరో 30 సెంట్లు రుసుము కింద పోతాయి. ఇక్కడి నుంచి కార్డుతో చెల్లించేవారు ముందుగా బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపుల మీట నొక్కుకోవాలి. 2020 నుంచి కొత్త కార్డులన్నీ దేశీయ వాడకానికే తెరిచి ఇస్తున్నారు.

బ్యాంకు ద్వారా నేరుగా పంపడానికి రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం ఉంది. 2004లో 25 వేల డాలర్లతో మొదలైన పరిమితి నేడు ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్లు. పాన్ కార్డు, ఏ-2 ఫారం ఇచ్చి, ‘బహుమతి’ అని కారణం రాస్తే బంధువు కాని వ్యక్తికైనా పంపవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు బ్యాంకు ముందస్తు పన్ను పట్టుకోదు. అయితే 500 రూపాయలు పంపడానికి అంతకు మించిన బ్యాంకు రుసుములు చెల్లించడం తెలివైన పని కాదు.

అందుకే అందరి చందాలూ ఒకరి ఖాతాలో పోగుచేసి ఒకేసారి పంపుదామన్న ఆలోచన వస్తుంది. పన్ను చిక్కు సరిగ్గా అక్కడే పొంచి ఉంది. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో అందిన సొమ్ము మొత్తం 50 వేలు దాటితే అది ఖాతాదారుని ఆదాయంగా లెక్కకు వస్తుంది. నేరుగా విదేశంలోని వ్యక్తికి పంపినా తప్పించుకోలేం. 2019 జులై 5 నుంచి, భారత నివాసి బంధువు కాని ప్రవాసికి ఇచ్చిన డబ్బు ఇదే పరిమితి దాటితే భారతదేశంలో వచ్చిన ఆదాయంగానే పరిగణిస్తున్నారు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు పంపితే ఈ బెడద లేదు. ఇక ఇక్కడి ట్రస్టు పంపుదామంటే, దేశం వెలుపల ఖర్చు చేసిన సొమ్ముకు ఆదాయపన్ను మినహాయింపు సాధారణంగా దక్కదు. పెద్ద మొత్తం అనుకుంటే ముందుగా ఆడిటరును సంప్రదించడం ఉత్తమం.

ఇచ్చేవారికీ ఒక హెచ్చరిక. ఆసుపత్రి మంచం ఫొటో, దాని కింద క్యూఆర్ కోడ్ చూసి మీట నొక్కకూడదు. కోడ్ తెరవగానే కనిపించే పేరు ఎవరిది, ఆ మనిషికీ రోగికీ సంబంధం ఏమిటి అన్నది ఊళ్లోని కుటుంబాన్ని అడిగి తెలుసుకోవాలి. రోగి అనుమతి లేకుండా జబ్బు వివరాలు ఊరంతా చాటడమూ తప్పే.

మేత మాటేమిటి?

ఈ హడావుడిలో మరుగున పడేది మూగజీవాల సంగతి. అటు నుంచి నెలనెలా వచ్చే పైకం ఆగితే గంజి గిన్నెలు ఆ వారమే ఖాళీ అవుతాయి. సముద్రం దాటించలేని వంద, రెండొందల రూపాయలకు ఇక్కడే సరైన చోటుంది. తవుడు, నూకలు, కట్ల సామాను, పశువైద్యుని దగ్గరకు ఆటో బాడుగ. ఆ ఖర్చును పదిమంది పంచుకుంటే చికిత్సలో ఉన్న మనిషి మనసుకు ఒక బరువు తగ్గుతుంది. సంఘం పేరిట ఇచ్చే విరాళానికి రసీదు ఉంటుంది, లెక్క ఊళ్లోనే ఉంటుంది. కుక్కల సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాల బాధ్యతను 2023 నిబంధనలు స్థానిక సంస్థలపైనే ఉంచాయి కనుక ఆ వంతు కోసం పురపాలక కార్యాలయానికి అర్జీ పెట్టాలి.

రేబిస్ టీకాను కుక్కలకు మళ్లీ మళ్లీ, సాధారణంగా ఏడాదికోసారి వేయించవలసి ఉంటుంది. ఏ వీధిలో ఏ కుక్కకు ఎప్పుడు వేయించారన్న జాబితా చాలాచోట్ల ఆ ఒక్క వలంటీరు ఫోనులోనే ఉండిపోతోంది. మనిషి కాస్త తేరుకుని మాట్లాడగలిగిన రోజున ముందు అడిగి రాసుకోవలసింది ఆ జాబితానే.