బేరార్ అడగబోయి రెబెకాను తెచ్చిన దివాన్

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెకా ముందు నిలబడ్డవాళ్ళు ఆమె ముఖం చూస్తారు. నేను బట్ట చూస్తాను. మెట్‌పల్లిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, ఖాదీ భండారులో తానులు కొలిచినవాణ్ణి, అలవాటు ఎక్కడికి పోతుంది? ఆ ముసుగు నుదుటి దగ్గర బిగుతుగా ఉంటుంది, ముక్కు మీద జారుతుంది, గడ్డం కింద మడతలుపడి దిగుతుంది. నీళ్ళలో జాడించి, పిండకుండా తలమీద వేసుకున్న మల్లుగుడ్డలా ఉంటుంది. ముసుగూ ముఖమూ రెండూ ఒకే పాలరాయి. కాబోయే పెనిమిటి ఎదురువస్తుంటే చూసి ముసుగు కప్పుకున్న బైబిలు పిల్ల ఈమె. చెక్కినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని.

1876లో రోమ్‌లో దీన్ని కొన్నది హైదరాబాద్ నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్. మ్యూజియంలో ఎక్కువ సామాను మనవడు మూడో సాలార్‌జంగ్ పోగేసింది కాబట్టి తాత పేరు వెనకబడింది. మా వైపువాళ్ళు మాత్రం ఆయన్ని మరవకూడదు. 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా కట్టింది ఆయనే. మా కరీంనగర్‌కు ముందున్న ఎలగందల జిల్లా అట్లా పుట్టిందే.

ఆయన యూరప్ పోయింది షికారుకు కాదు, బేరార్ కోసం. మన ఆదిలాబాద్ దాటితే పెన్‌గంగ, పెన్‌గంగ అవతలి గడ్డ బేరార్. నల్లరేగడి, పత్తి పండే నేల. సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీ దాన్ని నిజాం చేతిలోంచి తీసుకున్నాడు. సరిగ్గా ఆ ఏడే సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. ఇరవైనాలుగేళ్ళ వయసులో నెత్తిన పడ్డ ఆ నష్టాన్ని ఆయన చివరిదాకా మరవలేదు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది, బొంబాయి దగ్గరైంది. సూయజ్ కాలువ తెరిచి ఆయన ప్రయాణం నాటికి దాదాపు ఏడేళ్ళు. దారి సుగమమే.

రోమ్ అప్పుడు పాత రాళ్ళ మీద కూర్చున్న కొత్త రాజధాని. ఇటలీ ఒకటై, రోమ్‌కు రాజధాని మారి ఐదేళ్ళే అయింది. ఆ ఊళ్ళో ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు, ఆయనా ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. బొమ్మ కొనేంత మనశ్శాంతి అందుకే దొరికిందేమోనని నా ఊహ.

పారిస్ సంగతి వేరు. గ్రాండ్ హోటల్లో దిగాడు. ఏడాది కిందటే తెరిచిన ఒపెరా భవనం పక్కనే ఉంది. ఇంకోవైపు 1871 తిరుగుబాటులో కాలిన త్విలరీ రాజభవనం గోడలు మసిబట్టి అట్లాగే నిలబడి ఉన్నాయి. ఒకే ఊళ్ళో కొత్త పూతా, కాలిన గాయమూ. అయితే వాటిని తీరిగ్గా తిరిగి చూసే యోగం ఆయనకు లేకపోయింది. హోటల్ మెట్ల మీద కాలు జారి తొడ ఎముక విరిగింది. పారిస్ చూడబోయిన మనిషి పైకప్పు చూస్తూ పడుకున్నాడు.

పనిమీద పోయినవాడు ఊరు చూసే తీరే అంత. మా దగ్గర దుబాయి, మస్కట్ పోయివచ్చినవాళ్ళను అడగండి, అక్కడి ఆకాశహర్మ్యాల కన్నా పనిలో పెట్టుకున్న కఫీల్ ఆఫీసు మెట్లు బాగా చెప్తారు.

విరిగిన కాలితోనే లండన్ చేరాడు. భూమి కింద రైళ్ళు నడుస్తున్న ఊరు, థేమ్స్ ఒడ్డున కొత్త కట్ట పోసుకున్న ఊరు. విక్టోరియాకు భారత చక్రవర్తిని బిరుదు అప్పుడప్పుడే ఖాయమైంది. 1857 తిరుగుబాటులో హైదరాబాద్‌ను ఈస్టిండియా కంపెనీ పక్షాన నిలిపిన మనిషి వచ్చాడని మర్యాదలకు లోటు చేయలేదు. రాణి దర్శనమిచ్చింది. ఆక్స్‌ఫర్డ్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. లండన్ నగరం తన పౌరసత్వ గౌరవం ఇచ్చింది. విందులకు అంతులేదు. బేరార్ మాట మాత్రం ఏ విందులోనూ తెగలేదు. వెనక్కి వచ్చాక అర్జీల మీద అర్జీలు పెడితే, 1878లో కుదరదని జవాబు వచ్చింది. నాకైతే రోమ్ దుకాణదారే నిక్కచ్చి మనిషి అనిపిస్తాడు. డబ్బు పుచ్చుకున్నాడు, సరుకిచ్చాడు.

1883 ఫిబ్రవరిలో కలరాతో సాలార్‌జంగ్ పోయాడు. పెద్దకొడుకు లాయఖ్ అలీ ఖాన్ కూడా దివాన్ అయ్యాడు, యూరప్ తిరిగాడు, 1887లో లండన్ పత్రిక 'ది నైన్‌టీన్త్ సెంచురీ'లో ఆ ప్రయాణం గురించి ఇంగ్లీషులో రాశాడు కూడా.

ఇక బేరార్ కథ: 1902లో వైస్రాయ్ కర్జన్ వచ్చి ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు. 1936లో నిజాం పెద్దకొడుకు ఆజం జాకు 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' అని బిరుదు ఇచ్చారు. అక్కడి శిస్తు లెక్కలు మాత్రం నాగపూర్ కచేరీకే పోయేవి.