పాత జీపుల రేడియేటర్

జీపు మరియు ఆ కోవకు చెందిన గతుకుదారి వాహనాలలో ఇంజను వేడిని గాలిలోకి విడిచిపెట్టుటకై ముందుభాగాన జాలీ వెనుక అమర్చబడిన పరికరాన్ని రేడియేటర్ అందురు. పాత జీపులలో దీని నుండి వేడినీరు పొంగి నేలపాలగుట తరచుగా కనిపించే దృశ్యం. నీరు పొంగిన ప్రతిసారీ ఇంజనులో లోపం ఉన్నదని భావించనవసరం లేదు. అయితే పొంగిపోయిన నీటి స్థానంలో దారిలో దొరికిన నీటిని ప్రతిదినం పోయుట వలన కొన్నేళ్ళకు నిజమైన లోపం ఏర్పడును. పాత జీపు రేడియేటర్లు చెడిపోవుటకు ముఖ్యమైన కారణాలలో ఇది ఒకటి.

నేపథ్యం

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం కొరకు విల్లీస్, ఫోర్డ్ సంస్థలు 6 లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. 1940 దశకం చివరిలో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించినది. తరువాతి దశాబ్దాలలో వచ్చిన సిజె-3బి, ఎంఎం 540, కమాండర్ మొదలగునవి ఆ వంశానికి చెందినవే. 1980 దశకంలో ప్యూజో సంస్థ సాంకేతిక సహకారంతో తయారైన 2112 ఘన సెంటీమీటర్ల డీజిల్ ఇంజను వీటిలో బాగా ప్రచారం పొందినది. 1985లో విడుదలైన మారుతీ జిప్సీ వేరే వంశానిదైనను, రేడియేటర్ విషయంలో దాని సూత్రం కూడ ఇదే.

తెలంగాణ పల్లెలలో బస్సు చేరని ఊళ్ళకు చాలాకాలం జీపే ఆధారంగా ఉండెను. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. 1956 వరకు బీదరు జిల్లాలోను, ఆ తరువాత మెదక్ జిల్లాలోను ఉండి, 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరిన ఈ ప్రాంతం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. గిరిజన తండాలు ఎక్కువ. ఎర్రమట్టి, కంకర దారులలో నిండుబరువుతో నెమ్మదిగా సాగే వాహనానికి ఎదురుగాలి తక్కువగాను, ఇంజను శ్రమ ఎక్కువగాను ఉండును. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు రేడియేటర్‌కు ఇంతకంటె కఠిన పరీక్ష మరొకటి లేదు.

పనిచేయు విధానం

ఇంజను దిమ్మె లోపలి ఖాళీలలో తిరిగే నీరు వేడెక్కి పై గొట్టం ద్వారా రేడియేటర్ పై తొట్టెలోకి వచ్చును. అక్కడి నుండి సన్నని ఇత్తడి లేక రాగి గొట్టాల గుండా క్రిందికి దిగుచు, గొట్టాలకు అంటుకొని ఉన్న పలుచని రేకుల ద్వారా వేడిని గాలికి అప్పగించును. చల్లబడిన నీటిని పంపు క్రింది గొట్టం గుండా తిరిగి ఇంజనులోకి లాగుకొనును. గాలిని లాగుటకు రేడియేటర్ వెనుక బెల్టుతో తిరిగే ఫ్యాను ఉండును. ఇంజను తగినంత వేడెక్కువరకు నీటిని రేడియేటర్‌లోకి పోనీయక ఆపునది థర్మోస్టాట్. సాధారణంగా ఇది 80 డిగ్రీల ప్రాంతంలో తెరచుకొనును.

రేడియేటర్ మూత కేవలం మూత కాదు. దాని అడుగున స్ప్రింగుతో కూడిన కవాటం ఉన్నది. లోపలి ఒత్తిడి నిర్ణీత స్థాయి దాటువరకు అది నీటిని బయటకు పోనీయదు. ఒత్తిడి పెరిగిన కొలది నీరు మరిగే ఉష్ణోగ్రత కూడ పెరుగును. వంటింటి ప్రెషర్ కుక్కర్ సూత్రమే ఇది. పాత జీపులలో వాడిన 7 పౌండ్ల మూత వలన నీటి మరుగుస్థానం సుమారు 111 డిగ్రీలకు, తరువాతి వాహనాలలోని 13 పౌండ్ల మూత వలన సుమారు 119 డిగ్రీలకు చేరును. స్ప్రింగు వదులైన మూతతో ఈ లాభమంతా పోవును. దక్కను పీఠభూమిపై ఐదారు వందల మీటర్ల ఎత్తున్న చోట్ల తెరచి ఉంచిన పాత్రలో నీరు 98 డిగ్రీలకే మరుగును కనుక మూత బాగుండుట ఇక్కడ మరింత అవసరం. అట్లని బలహీనమైన పాత రేడియేటర్‌కు ఎక్కువ పౌండ్ల మూత బిగించరాదు. అతుకులు విడిపోవును.

నీరు పొంగుట

నీరు వేడెక్కిన కొలది వ్యాకోచించును. 30 డిగ్రీల వద్ద నింపిన నీరు 90 డిగ్రీలకు చేరునప్పటికి దాని పరిమాణం సుమారు 3 శాతం పెరుగును. జీపులో సుమారు 10 లీటర్ల నీరు పట్టును. అనగా దాదాపు మూడో వంతు లీటరు నీరు అదనంగా తయారైనట్లు. మెడ వరకు నింపిన రేడియేటర్‌లో దీనికి చోటు లేదు కనుక అది మూత ప్రక్కనున్న సన్నని గొట్టం ద్వారా నేలపై పడిపోవును. సాయంత్రం ఇంజను చల్లారగానే మట్టం మెడకు అంగుళమో రెండంగుళాలో దిగువకు దిగును. మర్నాడు ఉదయం యజమాని "నీరు తగ్గినది" అని మళ్ళీ మెడ వరకు నింపును. సాయంత్రానికి మళ్ళీ అంతే నీరు నేలపాలు. ఇక్కడ ఇంజను తప్పేమియు లేదు. గొట్టాలు మునిగి ఉండి, పైన కొంత ఖాళీ ఉండునట్లు వదలివేసినచో పొంగు దానంతటదే ఆగిపోవును.

ఈ నష్టాన్ని నివారించు ఉపాయం యుద్ధకాలంలోనే ఉన్నది. 1942లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన బ్రిటిషు ఎస్.ఎ.ఎస్. దళం తమ జీపుల ముందు ఒక డబ్బా బిగించి, పొంగిన నీటిని, ఆవిరిని అందులోకి మళ్ళించినది. గాలి ధారాళంగా సోకుటకు ముందరి జాలీ కమ్ములను కూడ కోసివేసిరి. త్రాగునీరే కొరతగా ఉన్న చోట రేడియేటర్ నీటిని నేలపాలు చేయుట వారికి సాధ్యపడే విషయం కాదు. నేటి వాహనాలలో కనిపించే ప్లాస్టిక్ సీసా ఇదే ఆలోచనకు మెరుగైన రూపం. పొంగిన ద్రవం సీసాలోకి పోయి, ఇంజను చల్లారునప్పుడు ఏర్పడే శూన్యం వలన తిరిగి రేడియేటర్‌లోకి చేరును.

పాత జీపుకు కూడ ఇట్టి సీసాను తక్కువ ఖర్చుతో అమర్చవచ్చును. అయితే చాలామంది సీసా బిగించి మూత మార్చుట మరచిపోవుదురు. పాత మూతకు అడుగున మాత్రమే రబ్బరు ఉండును. పైఅంచును కూడ మూయు రెండవ రబ్బరు ఉన్న మూత లేనిచో, చల్లారునప్పుడు సీసాలోని నీటికి బదులు గాలి లోనికి పోవును. అట్లే గొట్టం కొస సీసా అడుగున ద్రవంలో మునిగి ఉండవలెను. ఈ రెండూ పాటించని సీసా కేవలం అలంకారం.

బోరు నీరు, సున్నపు పెచ్చు

గ్రామాలలో బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండుట సామాన్యం. త్రాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండవలెను. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతి కలదు. కనుక 500 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీరు త్రాగుటకు అనుమతించదగినదే. దానినే రోజుకు మూడో వంతు లీటరు చొప్పున ఏడాది పాటు రేడియేటర్‌లో పోసినచో సుమారు 60 గ్రాముల సున్నపు లవణాలు లోనికి చేరును. కొంత పొంగుతో బయటకు పోయినను, మిగిలినది ఇంజనులో అన్నిటికంటె వేడిగా ఉండు గోడలపైనను, సన్నని గొట్టాలలోను పెచ్చుగా పేరుకొనును. రాగితో పోల్చినచో ఈ పెచ్చు ఉష్ణవాహకత వంద రెట్లకు పైగా తక్కువ. వేడి బయటపడదు, నీరు నిజంగానే మరుగును, మరింత నీరు పోయవలసి వచ్చును, మరింత పెచ్చు కట్టును.

వడబోసిన వాననీరు, బ్యాటరీలలో పోయు శుద్ధజలం ఇందుకు తగినవి. కేవలం నీరు పోసినచో తుప్పు పట్టును కనుక కూలెంట్ అని వ్యవహరించే గ్లైకాల్ ద్రవాన్ని కలుపుదురు. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం బయటి గాలి ఒత్తిడి వద్ద సుమారు 107 డిగ్రీలకు మరుగును. గ్లైకాల్ ఎక్కువైన కొలది మంచిదనుకొనుట పొరపాటు. నీటికున్నంత వేడిని మోయు శక్తి దానికి లేదు. గడ్డకట్టే చలి లేని మన ప్రాంతంలో దాని అసలు ఉపయోగం తుప్పు నిరోధించుట, మరుగుస్థానం పెంచుట మాత్రమే. తుప్పు నిరోధించు గుణం కాలక్రమేణ నశించును కనుక తయారీదారు చెప్పిన గడువులో ద్రవాన్ని పూర్తిగా మార్చవలెను. రెండు రకాల కూలెంట్లు కలపరాదు.

లోపాన్ని గుర్తించుట

నీరు ఎప్పుడు పొంగుచున్నదో గమనించుట సగం వైద్యం. నెమ్మదిగా పోవునప్పుడు, నిలిచి ఉన్నప్పుడు వేడెక్కి, వేగం అందుకొనగానే చల్లబడినచో దోషం గాలిలో ఉన్నది: బెల్టు వదులగుట, ఫ్యాను చుట్టూ ఉండవలసిన రేకు తొట్టి లేకపోవుట, రేకుల మధ్య మట్టి, గడ్డిగింజలు చేరుట. నెమ్మదిగా బాగుండి వేగంలో వేడెక్కినచో దోషం నీటి ప్రవాహంలో ఉన్నది: గొట్టాలు పూడుకుపోవుట, లేదా మెత్తబడిన క్రింది రబ్బరు గొట్టం పంపు లాగుడుకు చప్పిడిగా అతుకుకొనుట. ఈ రెండవది ఇంజను నిలిపి చూచినప్పుడు కనిపించదు. గొట్టం తిరిగి గుండ్రంగా మారిపోవును.

చల్లని ఇంజనును మూత తీసి నడిపినప్పుడు నీటిలో ఎడతెగక బుడగలు వచ్చినచో సిలిండరు వాయువు నీటిలోకి దూరుచున్నదని, అనగా హెడ్ గాస్కెట్ పాడైనదని అనుమానించవలెను. పొగగొట్టం నుండి వదలని తెల్లని ఆవిరి, ఇంజను నూనె పాలవలె మారుట తోడైనచో అనుమానం బలపడును. ఇంజను ఆపిన వెంటనే మాత్రమే పొంగినచో భయపడనవసరం లేదు. పంపు, ఫ్యాను ఆగిపోవుటచే దిమ్మెలోని వేడి ఒక్కసారిగా నీటికి చేరుట దీనికి కారణం. ఎక్కుడు దారి తరువాత ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపినచో సరిపోవును. నీరు పూర్తిగా పోయినప్పుడు మీటరు ముల్లు తక్కువ చూపవచ్చును. కొలమానం నీటిలో మునిగి లేకపోవుటయే కారణం. దానిని చూచి ధైర్యపడినవారి ఇంజన్లు బిగుసుకుపోవును.

వేడెక్కుచున్నదని థర్మోస్టాట్ పీకివేయుట మన మెకానిక్కులలో పాత అలవాటు. దీని వలన డీజిల్ ఇంజను ఎప్పుడూ చల్లగా నడిచి సిలిండర్లు త్వరగా అరుగును. కొన్ని ఇంజన్లలో ప్రక్కదారి తెరచియే ఉండి నీరు రేడియేటర్‌కు పోక వేడి మరింత పెరుగును. కారుచున్న రేడియేటర్‌లో పసుపు పొడి వేయుట కూడ అటువంటిదే. పొడి ఉబ్బి రంధ్రాన్ని మూయుట నిజమే, ఊరు చేరుటకు పనికివచ్చును. కాని అది మంచి గొట్టాలను కూడ పూడ్చును కనుక ఇల్లు చేరిన తరువాత కడిగి, రంధ్రానికి అతుకు వేయించవలెను.

సంరక్షణ

రేకులను ఇంజను వైపు నుండి బయటకు, తక్కువ ఒత్తిడి నీటితో కడుగవలెను. ముందు నుండి గట్టిగా కొట్టినచో మట్టి లోపలికి దిగబడి రేకులు వంగును. బురదలో తిరిగిన రోజున మట్టి ఎండకముందే కడుగుట మేలు. పూడుకుపోయిన ఇత్తడి రేడియేటర్‌ను పనివారు పై తొట్టె అతుకు విప్పి, గొట్టాలలో సన్నని కడ్డీలు దూర్చి పెచ్చు రాల్చి, తిరిగి అతుకుదురు. ప్లాస్టిక్ తొట్టె గల అల్యూమినియం రేడియేటర్లకు ఈ వైద్యం సాధారణంగా కుదరదు. పాత వస్తువును బాగుచేయించు అవకాశం ఉన్నంతకాలం మార్చివేయుటకు తొందరపడనవసరం లేదు.

ప్రమాదాలు

వేడి ఇంజను మీద మూత తెరచుట ఈ మొత్తం వ్యవహారంలో అతి ప్రమాదకరం. ఒత్తిడిలో 110 డిగ్రీల వద్ద నిలకడగా ఉన్న నీరు మూత వదులు కాగానే ఒక్కసారిగా ఆవిరియై ముఖంపైకి చిమ్మును. పై గొట్టాన్ని చేతితో పట్టుకొనగలిగినంతగా చల్లారువరకు, కనీసం అరగంట, ఆగవలెను. ఆ తరువాత కూడ దళసరి గుడ్డ కప్పి, ముఖం ప్రక్కకు త్రిప్పి, మొదటి మెట్టు వరకు మాత్రమే తిప్పి, చప్పుడు ఆగిన తరువాతనే పూర్తిగా తీయవలెను. కాలినచో ఆ భాగంపై 20 నిమిషాలు చల్లని కుళాయి నీరు ధారగా పోయవలెను. సిరా, పళ్ళపొడి, ముద్ద వంటివి పూయరాదు. కళ్ళకు తగిలినచో వెంటనే ఆస్పత్రికి పోవలెను. ఎండిపోయిన వేడి ఇంజనులో చల్లని నీరు గుమ్మరించుట వలన దిమ్మె లేక హెడ్ పగులును.

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండు విషపదార్థం. కొద్ది పరిమాణమే మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పిల్లలు, కుక్కలు దాని తీపికి ఆకర్షింపబడుదురు. తీసిన పాత కూలెంట్‌ను నేలపైనను, పశువులు నీరు త్రాగు చోటనైనను పారబోయరాదు. త్రాగునీటి సీసాలలో నింపి ఇంట ఉంచరాదు.