ఉద్యోగం మానేసిన పైలట్ మళ్లీ విమానం నడపొచ్చా? లైసెన్స్ ఒక్కటే ఉంటే సరిపోదు.. రూల్స్ ఇవే!

2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్.. ఒక్కో కంపెనీ ఆగిపోయినప్పుడల్లా పైలట్లు రోడ్డున పడ్డారు. 2020లో కరోనా దెబ్బ సరేసరి. కొందరు గల్ఫ్ ఎయిర్‌లైన్స్‌కు వెళ్తే, ఇంకొందరు వ్యాపారమో, వేరే ఉద్యోగమో చూసుకున్నారు. ఇప్పుడు సీన్ మారింది. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. 2025 డిసెంబర్‌లో కొత్త విశ్రాంతి నిబంధనలకు సరిపడా పైలట్లు లేక ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దయ్యాయి. మరి మానేసినవాళ్లు తిరిగి రావొచ్చా? రావొచ్చు. కానీ దారి అంత ఈజీ కాదు.

లైసెన్స్ పదేళ్లు.. మెడికల్ ఏడాదే

కమర్షియల్ పైలట్ లైసెన్స్ గడువును 2023లో 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచారు. దీంతో చాలామంది చేతిలో లైసెన్స్ ఇంకా ఉండొచ్చు. అయితే క్లాస్-1 మెడికల్ గరిష్ఠంగా ఏడాదే చెల్లుతుంది. అది లేకపోతే లైసెన్స్ ఉన్నా కాక్‌పిట్‌లో కూర్చోవడానికి లేదు. కళ్లు, చెవులు, బీపీ, షుగర్, ఈసీజీ.. అన్నీ చూస్తారు. అందుకే తిరిగి రావాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఇక్కడ 'అన్‌ఫిట్' అని వస్తే మిగతా ఖర్చంతా వృథా.

90 రోజుల లెక్క

ప్రయాణికులతో విమానం నడపాలంటే గత 90 రోజుల్లో కనీసం 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. ఏళ్ల తరబడి దూరంగా ఉన్నవాళ్లు సిమ్యులేటర్‌లో మళ్లీ ట్రైనింగ్ తీసుకోవాలి. ఇంజిన్ ఫెయిల్ కావడం లాంటి ఎమర్జెన్సీల్లో ఎలా స్పందిస్తున్నారో పరీక్షిస్తారు. ఆ తర్వాత ట్రైనర్ కెప్టెన్ పక్కన కూర్చుని అసలు విమానంలో కొన్నాళ్లు నడపాలి. అందులో పాసైతేనే రెగ్యులర్ డ్యూటీ.

విమానం మోడల్ మారితే ఖర్చు పెరుగుతుంది. ఉదాహరణకు జెట్‌లో బోయింగ్ 737 నడిపిన పైలట్ ఇండిగోలో చేరితే ఎయిర్‌బస్ ఏ320కి కొత్తగా టైప్ రేటింగ్ చేయాలి. అదే 737 మ్యాక్స్ నడిపే ఆకాశ ఎయిర్ అయితే పాత అనుభవం కలిసొస్తుంది.

అసలు దెబ్బ సీనియారిటీకే

పాత అవర్స్ లాగ్‌బుక్‌లో భద్రంగానే ఉంటాయి. సీనియారిటీ మాత్రం వెంట రాదు. కొత్తగా చేరిన తేదీ నుంచే లెక్క మళ్లీ మొదలు. ప్రమోషన్, డ్యూటీలు, లీవులు చాలా ఎయిర్‌లైన్స్‌లో దీని మీదే ఆధారపడతాయి. ఒకప్పుడు కెప్టెన్‌గా చేసినవాళ్లు గ్యాప్ ఎక్కువైతే కో-పైలట్ సీటుతో సరిపెట్టుకోవాల్సి రావొచ్చు. తనకంటే చిన్నవాళ్లైన కెప్టెన్ల పక్కన కూర్చోవాలి. జీతం కూడా తగ్గుతుంది.

వయసు కూడా చూడాలి. ఎయిర్‌లైన్ పైలట్‌కు గరిష్ఠ వయసు 65. అంటే 45 ఏళ్లకు తిరిగొస్తే 20 ఏళ్ల సర్వీసు ఉంటుంది. 58 ఏళ్లకు వస్తే మిగిలేది ఏడేళ్లే. ట్రైనింగ్‌కు అయ్యే లక్షల ఖర్చు అంతలో రాబట్టుకోగలమా అన్నది అటు కంపెనీ, ఇటు పైలట్ ఇద్దరూ వేసుకునే లెక్క.

కాబట్టి వేరే పనిలో ఉన్నా ఎప్పటికైనా తిరిగి రావాలనుకుంటే ఏటా మెడికల్ రెన్యువల్ చేయించుకోవాలి. లాగ్‌బుక్ జాగ్రత్త చేసుకోవాలి. గ్యాప్ ఎంత తక్కువైతే కాక్‌పిట్‌కు దారి అంత దగ్గర.