కొల్లేటి గట్టున ఒక సాయంకాలం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు పేరు వినని తెలుగువారు అరుదు. బుడమేరు, తమ్మిలేరు వచ్చి అందులో కలుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి చేరుస్తుంది. చేపల చెరువుల గట్లు పెరిగి సరస్సు కుంచించుకుపోయింది. 1999లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చాలా గట్లను తొలగించారు.

మా పిల్లల నాయనమ్మ ఒక కొల్లేటి లంకలో పుట్టారు. "మా ఊరి పొద్దుగూకడం ఒక్కసారి చూపించండర్రా" అని అడుగుతుండేవారు. ఒక మార్చి నెలలో ఆమెను కైకలూరు దగ్గరి ఆటపాకకు తీసుకొని వెళ్లాము. గూడబాతులు గుంపులుగా గూళ్లకు చేరుతున్నాయి. ఆమె గట్టు మీద కూర్చుని చిన్నపిల్లలా చూస్తున్నారు.

మార్చి 20 ప్రాంతాల సూర్యుడు సరిగ్గా పడమటనే అస్తమిస్తాడు. అక్కడ అది సుమారు 6.15 గంటల వేళ. అంచును తాకిన తరువాత రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ సేపే కనిపిస్తాడు. తొందరపడి తీసిన మా మొదటి ఫోటోలలో ఆకాశం తెల్లగా వెలిసిపోయింది. పక్కనున్న కుర్రవాడొకడు, ఫోను తెరపై ఆకాశం మీద వేలు ఆనించి వెలుగు తగ్గించమన్నాడు. అప్పుడు ఎరుపు, కాషాయం నిండుగా వచ్చాయి. సాయంకాలపు వెలుగు గాలిలో చాలా దూరం ప్రయాణించేసరికి నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. పొద్దు గూకిన పావుగంట వరకూ మబ్బులు రంగులు మారుతూనే ఉంటాయి గనుక వెంటనే లేచిపోకూడదు. కెమెరా కంటిలోనుండి సూర్యుణ్ణి నేరుగా చూస్తే మన కన్ను దెబ్బతింటుంది. పిల్లలను మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆ వానాకాలంలోనే నాయనమ్మ కన్నుమూశారు. జ్ఞాపకార్థ కూడికకు ఫోటో కావలసి ఆ సాయంకాలపు ఫోటోలన్నీ వెదికాము. సూర్యుణ్ణి వెనుక పెట్టి తీసినందున ప్రతిదానిలోనూ ఆమె ముఖం నల్లని నీడే. ఆ వంగిన వీపు, చేతికర్ర చూసి ఆమేనని గుర్తుపట్టాము గాని, తన ఊరి పొద్దును చూస్తున్న ఆ కళ్లు ఒక్కదానిలోనూ లేవు.

సూర్యుడు కిందికి దిగిన వేళ, పడమటికి తిరిగి ఉన్న ముఖం మీద ఎండ మెత్తగా, బంగారంలా పడుతుంది. మేము వెనుదిరిగి ఉంటే అది కనబడేది. కనుక చదువరులారా, మీరు పెద్దవారిని చెరువు గట్టుకో, కాలువ ఒడ్డుకో తీసుకొని వెళ్లినప్పుడు సూర్యుణ్ణి రెండు ఫోటోలు తీయండి. ఆ తరువాత వెనక్కి తిరగండి. సూర్యుడు రేపూ వస్తాడు.